పన్నెండు కార్ల సీట్లు, ఒక మనిషి కూలి

నకిరేకల్‌లో ఒక పెళ్లి విందు. పక్కన కూర్చున్న దూరపు బంధువు అన్నం కలుపుకుంటూ అడిగాడు: "అన్నా, గా సీట్ల ముచ్చటల నీకెంత మిగిలింది?"

పన్నెండు స్విఫ్ట్ కార్లకు లెదర్ సీట్లు, డోర్ ప్యాడ్లు, స్టీరింగ్, గేర్ బూటు (గేరు కింద ఉండే తొడుగు) కుట్టించిన వ్యవహారం గురించి అడుగుతున్నాడు. నల్లగొండ, మిర్యాలగూడ, సూర్యాపేట, దేవరకొండల్లో ఉన్న స్నేహితులం, తోటి లెక్చరర్లం, మా బావలు, బావమరుదులు కలిసి హైదరాబాద్‌లో ఒకే షాపుకు ఆర్డరిచ్చాం. నడిపించింది నేను. "ఏడు వేల ఏడు వందలు" అని చెప్పాను. అతను ముద్ద ఆపి నా వైపు చూశాడు. అంకె చెప్తానని అతను అనుకోలేదు. ఇట్లాంటి ప్రశ్నకు మన దగ్గర అలవాటైన జవాబు వేరే ఉంది: "ఏం మిగులుతది తమ్మీ, అందరికోసం చేసిన."

నాకు ఆ జవాబు మీదే అభ్యంతరం. నలుగురి తరఫున కొనుగోలు నడిపే మనిషి ఊరికే చేయకూడదు. కూలి తీసుకోవాలి. ఎంతో ముందే చెప్పాలి, లెక్కల కాగితంలో దానికంటూ ఒక వరుస ఉండాలి. ఊరికే చేస్తున్నానన్నవాడి కంటే, ఇంత తీసుకుంటున్నానని చెప్పినవాడి దగ్గరే డబ్బు భద్రంగా ఉంటుందని నా నమ్మకం. ఇది చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు మొహం చిట్లిస్తారు కాబట్టి, ఎందుకు నమ్ముతున్నానో వివరంగా రాస్తున్నాను.

ఫ్రీ సెట్టు ఎవరి జేబులోంచి

మొదట షాపతను చెప్పిన రేటు: ఒక్క కారుకైతే 34 వేలు, పన్నెండు కార్లయితే కారుకు 28 వేలు. అందరి ముందు మాట్లాడింది అంతవరకే. నేను టీ తాగి లేస్తుంటే బయటిదాకా వచ్చి గొంతు తగ్గించి, "సార్, మీ సెట్టుకు పైసలొద్దు. తిరుగుతున్నది మీరే కదా" అన్నాడు. అతన్ని తప్పు పట్టను. ఆ వ్యాపారంలో అది మామూలే. ఇంటి టైల్స్ దగ్గరి నుంచి పెళ్లి బట్టల దాకా, నలుగురిని వెంటబెట్టుకొచ్చిన మనిషికి ఏదో ఒకటి పక్కకు తీసి ఇవ్వడం అన్నిచోట్లా ఉంది.

కానీ లెక్క చూడండి. నా సెట్టు ఫ్రీ అయితే షాపుకు వచ్చేది పదకొండు సెట్ల డబ్బు, అంటే 3,08,000. అంటే పన్నెండు సెట్లూ ఆ డబ్బుకే ఇచ్చినా అతనికి గిట్టుబాటవుతుంది. ఆ మొత్తాన్ని పన్నెండుతో భాగిస్తే ఒక్కో సెట్టు 25,667. నాకు ఇస్తానన్న ఫ్రీ సెట్టు షాపు పెట్టిన దానం కాదు, మిగతా పదకొండు మందీ తెలియకుండా తలా కొంత వేసి నాకు కొనిపెడుతున్నది. మర్నాడు షాపుకు ఫోన్ చేసి అదే మాట చెప్పాను: ఫ్రీ వద్దు, మొత్తం 3,08,000కే పన్నెండు సెట్లు ఇవ్వండి. రెండు రోజులు నసిగి ఒప్పుకున్నాడు. దాని మీద, నా కారు పోను మిగతా పదకొండింటికీ నా కూలి కారుకు 700 అని అందరికీ రాసి పంపాను. ఒక్కొక్కరికీ పడింది 26,367. నాకు కూలి ఇచ్చిన తర్వాత కూడా ప్రతివాళ్లకూ పదహారు వందలకు పైన తగ్గింది.

నేను 28 వేల సెట్టు వదులుకుని 7,700 తీసుకున్నాను. అయినా నన్ను ప్రశ్నించింది ఆ 7,700 గురించే. ఫ్రీ సెట్టు తీసుకుని "అందరికోసం చేసిన" అని ఉంటే ఒక్కరూ అడిగేవారు కాదేమో. దీని గురించే ఎక్కువగా ఆలోచించాను. కనబడే కూలి తప్పుగా, కనబడని లాభం మర్యాదగా మనకు ఎప్పటి నుంచి అలవాటైంది?

చిట్టీలో లేని మొహమాటం

మా బావ ఒకాయన సూర్యాపేటలో ఉంటాడు. నా మెసేజ్ చూడగానే ఫోన్ చేశాడు. "మనోళ్ల దగ్గర కూలి తీసుకుంటవా? రేపు మా ఇంట్ల కూసుండి ఛాయ్ తాగుతే బిల్లేస్తవా?" కోపంగానే అన్నాడు. ఆయన మాటను తేలిగ్గా తీసేయలేను. చుట్టరికంలో సాయానికి ధర కట్టడం మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందో నాకూ తెలియదు. మా నాన్నకు ఒంట్లో బాగాలేనప్పుడు రాత్రికి రాత్రి కారు తీసుకుని వచ్చింది ఆ బావే. దానికి ఎవరు ఎంత ఇస్తారు?

అయితే అదే బావ చిట్టీలు వేస్తాడు. చిట్టీ నడిపే పెద్దకు కమిషన్ పోతుందని ఆయనకు తెలుసు, దాని గురించి ఎప్పుడూ గొణగలేదు. రిజిస్టర్డ్ చిట్టీల్లో అయితే ఫోర్‌మన్ కమిషన్‌కు చట్టమే పరిమితి పెట్టింది. 1982 చిట్ ఫండ్స్ చట్టంలో అది 5 శాతం, 2019 సవరణతో 7 శాతం అయింది. అంటే నలుగురి డబ్బు ఒకచోట చేర్చి, ఎగ్గొట్టేవాళ్ల వెంట పడి, లెక్క చెప్పే పనికి కూలి ఉంటుందని దేశం ఎప్పుడో ఒప్పుకుంది. మా 3,08,000 మీద నేను తీసుకున్నది రెండున్నర శాతం. కార్ల సీట్ల దగ్గరికి వచ్చేసరికే ఆ మొహమాటం ఎందుకు?

బావకు ఇదే చెప్పాను. "చిట్టీ వేరు, ఇది వేరు" అన్నాడు. ఏం వేరో చెప్పలేదు. అడ్వాన్సు మాత్రం అదే రోజు ఫోన్‌పే చేశాడు, కూలితో కలిపి.

తిరగడం ఒక్కటే పని కాదు

షాపతను అన్నట్టు "తిరుగుతున్నది మీరే" అనే మాటలో పని సగమే కనిపిస్తుంది. పెట్రోలు, బస్సు టికెట్లు చిన్న సంగతి. నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఒరిజినల్ లెదర్ అన్న మాట బిల్లు మీద ఉన్నంత మాత్రాన సీటంతా తోలు కాదు. కంపెనీ నుంచి లెదర్ సీట్లతో వచ్చే కార్లలో కూడా చాలావాటికి మనిషి ఒళ్లు తగిలే ముందు భాగమే తోలు, పక్కలూ వెనకా తోలులా కనబడే రెక్సిన్ లేదా పీయూ. అందులో మోసం లేదు. కానీ అడగకపోతే ఎవరూ చెప్పరు. మేము ఎక్కడెక్కడ తోలు, ఎక్కడెక్కడ రెక్సిన్ అనేది సీటు బొమ్మ గీసి, గీతలు కొట్టి, దాని మీద షాపు ముద్ర వేయించుకున్నాం.

ఇక రంగు. తోలుకు లాట్ల ప్రకారం, అంటే విడతలు విడతలుగా, రంగు వేస్తారు. ఈ లాట్ నలుపుకూ వచ్చే లాట్ నలుపుకూ తేడా ఉంటుంది. షాపు బల్బు కింద కనబడదు, నల్లగొండ ఎండలో డోర్ తెరిస్తే ముందు సీటు, వెనక సీటు రెండు రకాలుగా కనబడుతుంది. ఒక్క కారు ఆర్డరిస్తే షాపువాళ్లు ఉన్న ముక్కలతో సర్దుతారు. పన్నెండు కార్లంటే తమిళనాడులోని ఆంబూరో రాణిపేటో, ఎక్కడి టానరీ (తోలు ఊనే ఫ్యాక్టరీ) నుంచయినా ఒకే లాట్ తెప్పించమని గట్టిగా అడగవచ్చు. గుంపుగా కొనడంలో అసలు లాభం నాకు ఇక్కడే కనబడింది. ఏడు వేలకు పైన తగ్గడం కంటే ఇది పెద్దది.

ప్యాటర్న్, అంటే కవరు ముక్కలు కోసే నమూనా సంగతి మరీ ముఖ్యం. మా పన్నెండులో కొన్ని 2018లో వచ్చిన స్విఫ్ట్ మోడల్ కార్లు, కొన్ని 2024 మేలో వచ్చిన కొత్తవి. "స్విఫ్ట్ అంటే స్విఫ్టే సార్, ఒకటే ఫర్మా" అన్నాడు షాపతను. కాదు. సీట్ల ఆకారంలో తేడా ఉంది. అంతకంటే పెద్ద తేడా, కొత్తదాంట్లో అన్ని వేరియంట్లకూ ఆరు ఎయిర్‌బ్యాగులు. వాటిలో రెండు ముందు సీట్ల ఆనుకునే భాగంలో, డోరు వైపు అంచులో దాగి ఉంటాయి. పాతదాంట్లో ఎయిర్‌బ్యాగులు స్టీరింగ్‌లోనూ డ్యాష్‌బోర్డ్‌లోనూ ఉంటాయి కాబట్టి సీటు మీద ఏ కవరు వేసినా వాటికి అడ్డం రాదు. కొత్తదాంట్లో అట్లా కాదు. పక్క నుంచి గుద్దినప్పుడు సీటు అంచు చీల్చుకుని బ్యాగు రెప్పపాటులో బయటికి రావాలి. అక్కడ కవరు మామూలు కుట్టుతో మూసుకుని ఉంటే బ్యాగు ఆలస్యమవుతుంది, లేదా రావాల్సిన వైపు కాక ఇంకో వైపు పొంగుతుంది. అందుకని ఆ అంచులో కుట్టు వేరే ఉండాలి. బ్యాగు తోస్తే తెగిపోయే బలహీనమైన దారం, దానికి తగ్గ కుట్టు పొడవు.

గట్టి కుట్టు

మొదటి కొత్త మోడల్ కారుకు కవర్లు బిగించే రోజు నేను షాపులోనే ఉన్నాను. కవరును తిరగేసి డోరు వైపు అంచు చూశాను. లోపల రెండు వరుసల కుట్టు, మిగతా అంచులకు వేసిన లావు నైలాన్ దారమే. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉన్న చిన్న గుడ్డ ట్యాగును కూడా కవరు కప్పేసింది. కుట్టిన అతన్ని పిలిచి చూపించాను. యువకుడు, చేతివేళ్లకు తెల్ల టేపు చుట్టుకుని ఉన్నాడు. నేను మెచ్చుకుంటున్నాననుకున్నాడు. "డబుల్ కొట్టిన సార్. పదేళ్లయినా ఊడది" అన్నాడు. నిజంగానే మంచి కుట్టు, గీత గీసినట్టు ఉంది. అతనికి ఆ అంచులో బ్యాగు ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

ఆ కవర్లు వద్దన్నాను. షాపతను, "ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు" అన్నాడు. ఆ మాట నాకు ధైర్యం ఇవ్వలేదు, భయం పుట్టించింది. కారు యజమాని నా స్నేహితుడు, మిర్యాలగూడ నుంచి సెలవు పెట్టుకుని వచ్చాడు. అతను కూడా "పోనీలే, బిగించనీ, మళ్లీ ఎవరొస్తరు ఇంత దూరం" అన్నాడు. వాదన గంటసేపు నడిచింది. చివరికి కొత్త మోడల్ కార్లన్నిటికీ డోరు వైపు అంచు విప్పి, ఎయిర్‌బ్యాగు కోసం ప్రత్యేకంగా దొరికే దారంతో మళ్లీ కుట్టారు. ట్యాగు బయటికి కనబడేలా కోశారు. దానికి వారం పట్టింది, మా వాళ్లలో కొందరికి నా మీద విసుగు వచ్చింది.

కూలి విషయంలో నా మనసు గట్టిపడింది ఇక్కడే. ఊరికే చేస్తున్న మనిషినైతే, యజమానే పోనీలే అన్నాక నేను కూడా పోనీలే అనేవాణ్నేమో. ఆ మాట అనడానికి నాకు ఏ అడ్డూ ఉండేది కాదు. సాయం చేస్తున్నవాణ్ని ఎవరూ నిలదీయలేరు, నిలదీస్తే కృతజ్ఞత లేదంటారు. కారుకు 700 తీసుకున్నాను కాబట్టి అక్కడ నిలబడి గొడవ పడటం నా పనిలో భాగమైంది. తీసుకున్న డబ్బు చిన్నదే. కానీ ఇచ్చినవాళ్లకు అడిగే హక్కు, తీసుకున్నవాడికి జవాబు చెప్పే బాధ్యత ఆ డబ్బుతోనే వచ్చాయి.

పొట్ట తోలు

షాపు మొదట ఇచ్చిన శాంపిల్ ముక్కలు పట్టుకుని మా ఊరికి వెళ్లాను. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు. చిన్నప్పుడు లందల (తోలు నానేసి ఊనే తొట్ల) దగ్గర పని చేసినవాడు. సున్నంలో నానేసి, తంగేడు చెక్కతో ఊనిన తోలుతో మోట బొక్కెనలు, చెప్పులు కుట్టినవాడు. ముక్కను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "గిది మందుల నానింది, మా తోలు గాదు" అన్నాడు. తర్వాత వెనక్కి తిప్పి నారను గోటితో గీకాడు. రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకుని అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి లాగాడు. ఒక ముక్క దగ్గర ఆగి మళ్లీ లాగాడు. "గిది పొట్టది సారూ. సాగుతది. కూసునే జాగల పెట్టనియ్యకు, ఏడాదికి జారుతది. ఈపు తోలు అడుగు." ముక్కలన్నీ కలిపి పది నిమిషాల్లో అయిపోయింది. పశువు వీపు దగ్గర తోలు బిగువుగా, పొట్ట దగ్గర వదులుగా ఉంటుందని నేను చదివి తెలుసుకున్నాను. కానీ ఒక మిల్లీమీటరు మందం ముక్కను వేళ్ల మధ్య లాగి అది ఎక్కడిదో చెప్పడం చదివితే వచ్చేది కాదు. కూర్చునే భాగానికి వీపు తోలే వాడాలన్న షరతు మా కాగితంలోకి ఆయన వల్లే వచ్చింది.

అయిదు వందలు ఇవ్వబోయాను. "సూసినందుకు పైసలేంది?" అన్నాడు. ఆయన కొడుకు కూడా వద్దన్నాడు. ఇచ్చే వచ్చాను. ఆ డబ్బును మా లెక్కలో ఖర్చు కింద రాశాను, ఎవరూ ఏమీ అనలేదు.

ఆయన వద్దనడం నన్ను ఇంకా బాధపెడుతోంది. నిజాం కాలంలో మన పల్లెల్లో వెట్టి ఉండేది. దొరల గడీలకు చెప్పులు, మోట బొక్కెనలు, పశువుల తోలు సామాను మాదిగలు ఊరికే కుట్టి ఇవ్వాల్సి వచ్చేది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య ప్రాణం పోయిన కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉంది. ఆ తెలంగాణ సాయుధ పోరాటంలో వెట్టి రద్దు మొదటి డిమాండ్లలో ఒకటి. కార్ల సీట్ల వ్యవహారాన్ని దానితో సమానం చేయడం లేదు. సొంత కారున్న లెక్చరరు తీసుకునే ఏడు వందలకూ, వెట్టికీ పోలిక లేదు. కానీ "ఊరికే చేసిపెట్టు" అని అడగడం ఈ జిల్లాలో అమాయకమైన మాట అని నేను అనుకోలేను. తోలు గురించి తెలిసిన మనిషి తన తెలివికి డబ్బు అడగడానికి జంకుతుంటే, తోలు కొనడం నడిపించిన నేను మాత్రం ఏ మొహమాటమూ లేకుండా తీసుకున్నాను. ఈ తేడాకు నా దగ్గర సమాధానం లేదు. ఆయనకు అయిదు వందలే ఎందుకు, కారుకు ఇంత అని ఆయనకూ ఎందుకు లెక్క కట్టలేదని మా వాళ్లలో ఒకామె అడిగింది. న్యాయమైన ప్రశ్న.

నాకున్న అనుమానాలు

కూలి అలవాటైతే దాని కోసమే గుంపులు కట్టేవాళ్లు పుట్టుకొస్తారని ఒక స్నేహితుడి వాదన. పుడతారు. ఇప్పుడు కూడా ఉన్నారు, కాకపోతే కమిషన్‌ను చాటుగా షాపు నుంచి తీసుకుంటున్నారు, అంతే తేడా. అయినా అతని మాటలో బలం ఉంది. 700 బాగుందనిపిస్తే వచ్చేసారి 2,000 అంటారు. అందుకని కూలి శాతంగా కాకుండా కారుకు ఇంత అని ఉండాలంటాను. శాతమైతే ఖరీదైన తోలు అంటగట్టాలని బుద్ధి పుడుతుంది.

డబ్బు నా ఖాతాలోకి రావడం కూడా నాకు నచ్చలేదు. వరుసగా అంత డబ్బు పడుతుంటే టెన్షనే. ఎవరికి వాళ్లు షాపు ఖాతాకే పంపి, ఎవరి పేరు మీద వాళ్లు బిల్లు తీసుకోవడం అన్నిటికంటే మంచిది. రేపు కుట్లు ఊడి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలన్నా మొదట అడిగేది బిల్లే. షాపతను అడ్వాన్సు మాత్రం ఒకే చేతి మీదుగా కావాలన్నాడు, మిగతాది విడివిడిగా కట్టాం.

మధ్యలో ఒకాయన తప్పుకున్నాడు. కూతురి కాలేజీ ఫీజు మీద పడింది. కాగితం ప్రకారం తోలు కోశాక అడ్వాన్సు వెనక్కి రాదు. ఆయన అడగలేదు, కానీ మాలో ఎవరికీ ఆ డబ్బు ఉంచుకోవడం ఇష్టం లేదు. అదృష్టవశాత్తూ మేమంతా నలుపు, ట్యాన్ కలిపిన ఒకే రంగు ఎంచుకున్నాం, ఎవరి పేర్లూ కుట్టించలేదు. దేవరకొండలో ఇంకో స్విఫ్ట్ ఆయన ఆ సెట్టు తీసుకున్నాడు. ఎవరికి నచ్చిన రంగు వాళ్లు అన్నట్టయితే ఆ సెట్టు ఎవరికీ పనికొచ్చేది కాదు. మరి తప్పుకున్నాయన 700 సంగతేమిటి? ఆయన కోసం నేను చేసిన పని చేసినదే. తిరిగి ఇచ్చేశాను. ఇవ్వకూడదని వాదించినవాళ్లు ఉన్నారు, వాళ్ల వాదన తప్పని చెప్పలేను.

జడ్చర్లలో ఉన్న ఒక స్నేహితుడు ఇప్పుడు మహబూబ్‌నగర్ వైపు వాళ్లతో ఇట్లాగే ఒక గుంపు కడుతున్నాడు, వేరే మోడల్ కార్లకు. మా కాగితం అడిగి తీసుకున్నాడు. షరతులన్నీ అట్లాగే ఉంచి నా కూలి వరుస ఒక్కటి తీసేసి అందరికీ పంపాడు. ఎందుకని అడిగితే, "సిగ్గయితుంది అన్నా" అన్నాడు. షాపువాడు నీకు ఫ్రీ సెట్టు ఇస్తానన్నాడా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. అన్నాడట. నిన్న రాత్రి మళ్లీ మెసేజ్ పెట్టాడు: కారుకు 500 పెట్టి కాగితం మళ్లీ పంపాడట, ఇద్దరు తప్పుకున్నారట, ఏడుగురు ఉన్నారట.